ఈమ్ ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లు వెతుక్కుంటూ...

మా అమ్మాయి షెఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తోంది. 2023 వేసవిలో రెండు నెలలు దాని దగ్గర ఉండి వచ్చాను. అది పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతే ఇల్లంతా నిశ్శబ్దం. ముప్ఫయ్యేళ్ళపాటు మహిళా డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తూ ఎన్ని రోజులని గడుపుతాను? నా అవస్థ చూసి ఓ రోజు మా అమ్మాయే అంది. "అమ్మా, బస్సెక్కితే గంటలో పీక్ డిస్ట్రిక్ట్‌లో ఉంటావు. అక్కడ ఈమ్ అని ఒక ఊరుంది. ప్లేగు వచ్చినప్పుడు తమకు తామే ఊరిని మూసేసుకున్నారట. నీకు కావలసినంత చరిత్ర. వెళ్ళి చూసి రారాదూ?"

అలా మొదలైంది. ఒక్కసారి చూసి వద్దామని వెళ్ళినదాన్ని నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళింది చరిత్ర టీచర్ని. తర్వాత మూడుసార్లూ ఎందుకు వెళ్ళానో రాస్తే గానీ నాకే స్పష్టమయ్యేలా లేదు. అందుకే ఈ వ్యాసం.

ఈమ్ డెర్బీషైర్‌లో, కొండల నడుమ ఉన్న చిన్న ఊరు. చుట్టూ రాతి గోడలు కట్టుకున్న పచ్చిక మడులు, వాటిలో గొర్రెలు. ఆ గోడలకి సిమెంటూ లేదు, సున్నమూ లేదు. రాయి మీద రాయి పేర్చి కట్టినవే. పొలాల మధ్య నుంచి కాలిబాటలుంటాయి. భూమి ఎవరిదైనా ఆ బాట మీద నడిచే హక్కు అందరికీ ఉంది. గోడ అడ్డొచ్చిన చోట ఎక్కి దిగడానికి రాతి మెట్లుంటాయి. చీర కట్టుకుని ఆ మెట్లు ఎక్కడం మొదటిరోజే కష్టమైంది. రెండోసారి నుంచి అమ్మాయి ప్యాంటు, బూట్లు వేసుకున్నాను. అరవై మూడేళ్ళ వయసులో ఒంటరిగా, ఎవరి అనుమతీ లేకుండా, ఎవరూ వింతగా చూడకుండా పొలాల వెంట పది మైళ్ళు నడవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఇక చరిత్రలోకి వద్దాం. 1665లో లండన్‌ని ప్లేగు చుట్టుముట్టింది. ఆ వేసవి చివర లండన్ నుంచి ఈమ్‌కి ఒక బట్టల మూట వచ్చింది. ఊరి దర్జీ అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ ఇంటికి వచ్చిన మూట అది. అతని దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్ మూట విప్పాడు. బట్టలు తడిగా ఉన్నాయని మంట దగ్గర ఆరేశాడు. అందులో ఉన్న ఈగుళ్ళు వ్యాధిని తెచ్చాయని చెబుతారు. సెప్టెంబరు 7న వికర్స్ చనిపోయాడు. అక్కణ్ణుంచి 1666 నవంబరు వరకూ, పధ్నాలుగు నెలల్లో ఆ ఊళ్ళో సుమారు 260 మంది చనిపోయారు. అప్పటి జనాభా 350 అని పాత పుస్తకాలు రాశాయి. అంతకి కనీసం రెట్టింపు ఉండేదని తర్వాతి పరిశోధకులు అంటున్నారు. ఏ లెక్క తీసుకున్నా, చావు తొక్కని గడప ఆ ఊళ్ళో అరుదు.

1666 జూన్‌లో, వ్యాధి మళ్ళీ విజృంభించినప్పుడు, ఊరు మూడు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి, ఎవరి ఇంట్లో వాళ్ళని ఆ ఇంటివాళ్ళే, చర్చి స్మశానంలో కాకుండా తమ తోటలోనో పొలంలోనో పూడ్చుకోవాలి. రెండు, చర్చి మూసేసి ప్రార్థనలు ఆరుబయట, కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో జరపాలి. మూడు, ఊరి పొలిమేర ఎవరూ దాటకూడదు. ఈ నిర్ణయాల వెనుక ఇద్దరి పేర్లు చెబుతారు. చర్చి రెక్టర్ విలియం మాంపెసన్, అతనికి ముందు ఆ చర్చిలో పనిచేసి, 1662 మతచట్టానికి తలొగ్గనందుకు పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ. ఒకరంటే ఒకరికి పడని రెండు పక్షాల మతపెద్దలు కలిసి ఊరిని ఒప్పించారు. చుట్టుపక్కల ఊళ్ళు బతికాయి. ఈ కథ ఇంగ్లండ్‌లో బడిపిల్లలకి కూడా తెలుసు.

మొదటిరోజు చర్చి ఆవరణలో ఎనిమిదో శతాబ్దపు రాతి శిలువ చూశాను. దానికి దగ్గరలోనే ఒక సమాధి. అది మాంపెసన్ భార్య కేథరిన్‌ది. 1666 ఆగస్టు 25న చనిపోయింది. వయసు 27. పిల్లలిద్దర్నీ యార్క్‌షైర్ పంపించేశారు. ఆమెని కూడా వెళ్ళిపొమ్మన్నాడు భర్త. ఆమె వెళ్ళనంది. అతనితోపాటు రోగుల ఇళ్ళకి తిరిగింది. ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం ఊరంతా ఊరేగింపుగా డెల్ఫ్ లోయకి వెళ్ళి ప్రార్థన చేస్తారు. ఆరోజు ఆమె సమాధి మీద పూలు పెడతారు. భర్తని వదలని భార్యగా ఆమెకి చరిత్రలో చోటు దొరికింది. మనకి బాగా తెలిసిన చోటే అది!

చర్చి పక్కనే వరసగా రాతి ఇళ్ళున్నాయి. వాటిని ఇప్పటికీ ప్లేగు ఇళ్ళంటారు. ఇళ్ళల్లో మనుషులు కాపురముంటున్నారు. గుమ్మాల పక్కన గులాబీలు, తలుపులకి పాలసీసాలు. ప్రతి ఇంటి ముందూ ఆకుపచ్చ పలక మీద ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు, తేదీలు. వికర్స్ చనిపోయిన ఇల్లు కూడా అక్కడే. ఆ పలక ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎందుకంటే పుస్తకాలన్నీ ఆ ఇంటిని దర్జీ ఇల్లు అంటాయి. పలక మీద మొదటి పేరు మాత్రం మేరీ హాడ్‌ఫీల్డ్. మొదటి భర్త పోతే, ఇద్దరు కొడుకులతో ఉన్న ఆమె దర్జీ అలెగ్జాండర్‌ని పెళ్ళి చేసుకుంది. పనివాడు వికర్స్ పోయిన పదిహేను రోజులకి నాలుగేళ్ళ కొడుకు ఎడ్వర్డ్, అక్టోబరు 2న పన్నెండేళ్ళ జొనాథన్ పోయారు. మరుసటి ఆగస్టులో భర్త. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. చుట్టాలతో కలిపి పదముగ్గుర్ని పోగొట్టుకుందని రాశారు. 

మూట విప్పినవాడి పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఆ జ్వరపు మనిషికి నీళ్ళిచ్చిందెవరు? ఆ పక్కబట్టలు ఎవరు ఉతికారు? ఆ కథలో ఈ ప్రశ్నలే రావు. 2016లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈమ్ మరణాల లెక్కలు తీసుకుని పరిశీలించారు. ఎలుకల మీది ఈగుళ్ళ నుంచి సోకినవి నాలుగో వంతేననీ, మిగతా మూడు వంతులూ మనిషి నుంచి మనిషికి సోకినవనీ తేల్చారు. అందులోనూ ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళ మధ్య ఎక్కువట. అంటే మంచం పక్కన కూర్చోవడమే ప్రాణాంతకం. మంచం పక్కన ఎవరు కూర్చుంటారో మనకి ఎవరూ లెక్కకట్టి చెప్పక్కర్లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు రైలీ సమాధులు చూశాను. ఊరికి తూర్పున అర మైలు దూరంలో, కొండ వాలులో ఉంటాయి. ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. పొలం మధ్యలో గుండ్రంగా ఒక రాతి గోడ. లోపల ఆరు చిన్న రాళ్ళు, బల్లలా కట్టిన ఒక పెద్ద సమాధి. హాన్‌కాక్ కుటుంబానివి. 1666 ఆగస్టు 3న జాన్, ఎలిజబెత్ అనే ఇద్దరు పిల్లలు పోయారు. 7న భర్త జాన్, మరో ఇద్దరు పిల్లలు. 9న ఆలిస్. 10న ఆన్. ఎనిమిది రోజుల్లో ఏడు చావులు. ఇల్లాలు ఎలిజబెత్ ఒక్కతే మిగిలింది. ఆమే గొయ్యి తవ్వింది. శవం కాళ్ళకో నడుముకో గుడ్డ కట్టి, ముట్టుకోకుండా పొలంలోకి ఈడ్చుకెళ్ళి, తానే మట్టి కప్పింది. ఎదురుగా లోయకి అవతల ఉన్న స్టోనీ మిడిల్టన్ ఊరివాళ్ళు కొండ మీద నిలబడి చూసేవారట. సాయానికి ఎవరూ రాలేదు. రావద్దన్నదే కట్టడి కదా.

అక్కడ నేల రాతినేల. ఆగస్టులో ఎండిపోయి ఉండివుంటుంది. ఏడు గోతులు. ఒక్కో గొయ్యి ఎంత లోతు తవ్వగలిగిందో! ఆ రాళ్ళ మీద ఎలిజబెత్ అనే పేరుంది. అది కూతురిది. తల్లి పేరున అక్కడ రాయి లేదు. అన్నీ అయ్యాక ఆమె షెఫీల్డ్ వెళ్ళిపోయింది. అక్కడ పని నేర్చుకోవడానికి వెళ్ళి బతికిపోయిన ఒక కొడుకున్నాడు. వాడి దగ్గరికి చేరింది.

గోడ మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. హాన్‌కాక్ పిల్లల కోసం కాదు, అబద్ధమెందుకు చెప్పాలి? మా అక్క కోసం.

2021 మే నెలలో మా అక్క విజయవాడలో ఒక ఆస్పత్రిలో కోవిడ్‌తో పోయింది. చనిపోవడానికి ముందు పన్నెండు రోజులు మాలో ఎవరం ఆమెని చూడలేదు. పోయాక కూడా చూడలేదు. కవర్‌లో చుట్టి వ్యానులో పంపించారు. పీపీఈ కిట్ వేసుకుని ఒక్కరు రావచ్చన్నారు. కొడుకు వెళ్ళాడు. పన్నెండు రోజులూ ఆస్పత్రి బయట చెట్టు కింద కూర్చున్న కూతుర్ని స్మశానం గేటు దగ్గరే ఆపేశారు. నేను హైదరాబాదులో ఫోను పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు కోవిడ్ నిబంధన అన్నారు. మరి అంతకు పాతికేళ్ళ ముందు మా నాన్న పోయినప్పుడు ఏ నిబంధన? పాడె లేచాక మమ్మల్నిద్దర్నీ వీధి మలుపు నుంచి వెనక్కి పంపించేశారు. ఆడవాళ్ళు కాటికి రాకూడదన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని, "పోనీలే, మనం నాన్నని అక్కడ చూడకపోవడమే మంచిది" అంది. ఆ మాట తనకి చెప్పుకుందో నాకు చెప్పిందో నాకిప్పటికీ తెలీదు.

మనకేమో సాగనంపే హక్కు లేదన్నారు. ఎలిజబెత్‌కేమో పూడ్చుకునే బాధ్యత తప్పదన్నారు. రెండు చోట్లా ఆమెని అడిగినవాళ్ళు లేరు. ఆ గోడ మీద కూర్చుని ఆమె మీద నాకు అసూయ కలిగిందంటే మీరు నమ్మరు. ఒక్క నిమిషం మాత్రమే. తర్వాత సిగ్గేసింది. ఏడుగురిని ఈడ్చిన చేతుల్ని చూసి అసూయపడతామా? కానీ ఆ నిమిషం నిజం. చరిత్ర చదివేటప్పుడు మన దుఃఖాన్ని వాళ్ళ మీద కప్పేసే ప్రమాదం ఉంటుందని ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పినదాన్ని నేనే. 

మూడోసారి పొలిమేర రాయి వెతుక్కుంటూ వెళ్ళాను. ఈమ్‌కీ స్టోనీ మిడిల్టన్‌కీ మధ్య పొలాల్లో ఉంటుంది. పెద్ద బండరాయి, దానికి ఆరు గుంటలు. బయటి ఊళ్ళవాళ్ళు తిండిగింజలు, మందులు పెట్టి వెళ్ళేవారు. ఈమ్ వాళ్ళు ఆ గుంటల్లో వినిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవారు. వినిగర్ విషాన్ని చంపుతుందని నమ్మకం. ఊరికి ఉత్తరాన కొండ మీద మాంపెసన్ బావి అని ఇంకోటుంది. అక్కడా అదే పద్ధతి. ప్లేగు కాలంలో ఊరికి ఆహారం పంపినవాళ్ళలో ముఖ్యుడు దగ్గర్లోని చాట్స్‌వర్త్ భవనంలో ఉండే డెవన్‌షైర్ ప్రభువు.

ఆ రాయి దగ్గర జనం చెప్పుకునే కథ ఇంకోటుంది. ఈమ్‌లో ఎమట్ సిడాల్ అనే అమ్మాయి, స్టోనీ మిడిల్టన్‌లో రోలండ్ అనే అబ్బాయి. ప్రేమించుకున్నారు. దూరం నుంచే ఒకర్నొకరు చూసుకునేవారట. 1666 ఏప్రిల్ చివర్లో ఎమట్ రావడం మానేసింది. ఊరు తెరిచాక మొదట లోపలికి పరిగెత్తుకొచ్చింది రోలండ్ అంటారు. పర్యాటకులందరికీ ఇష్టమైన కథ ఇది. భార్య, ప్రియురాలు... ఈ ఇద్దరికీ చరిత్రలో తేలిగ్గా చోటు దొరుకుతుంది. మేరీ హాడ్‌ఫీల్డ్ లాంటి రెండుసార్లు వితంతువైన దర్జీ భార్యకి ఎక్కడ దొరుకుతుంది? సీసం గనుల ఊరు కదా అది. గని ఒడ్డున ఖనిజాన్ని కడిగి, ఏరి, బతికిన ఆడవాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది?

పేరు రాతిలో నిలవాలంటే ఏం కావాలో ఆ ప్రాంతమే చెబుతుంది. చాట్స్‌వర్త్‌లో మొదటి భవనాన్ని 1552లో కట్టడం మొదలుపెట్టింది బెస్ ఆఫ్ హార్డ్‌విక్, రెండో భర్త విలియం కావెండిష్‌తో కలిసి. నాలుగు పెళ్ళిళ్ళు చేసుకుని, నలుగురు భర్తల్నీ సాగనంపి, అప్పటి ఇంగ్లండ్‌లో మహాసంపన్నుల్లో ఒకతె అయిన స్త్రీ. డెవన్‌షైర్ ప్రభువులు ఆమె సంతతే. 1590లలో కట్టుకున్న హార్డ్‌విక్ హాల్ బురుజుల మీద తన పేరులోని రెండు పొడి అక్షరాల్ని రాతిలో చెక్కించుకుంది. మా అమ్మాయి సెలవురోజున కారులో తీసుకెళ్ళి చూపించింది. ఎంతో దూరం నుంచే ఆకాశం మీద కనిపిస్తాయి ఆ అక్షరాలు. చూసి సంతోషించాను, ఒక ఆడది తన పేరు అంత ఎత్తున పెట్టుకుందని. కానీ రైలీ పొలం చూసొచ్చిన కళ్ళకి ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆస్తీ భూమీ ఉన్న స్త్రీ పేరు మిగలడం, స్త్రీల పేరు మిగలడం ఒకటి కాదు కదా.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టిన విషయానికి వస్తాను. ఈ కథని ఇలా చెప్పిందెవరు? పురుషులు రాసిన చరిత్ర అని ఒక్క మాట అనేసి ముగించెయ్యొచ్చు. మొదటిసారి చూసినప్పుడు నేనూ అదే అనుకున్నాను. మ్యూజియంలో, ఆ తర్వాత షెఫీల్డ్ లైబ్రరీలో చదువుతుంటే తెలిసింది. ఈమ్ కథని ఇంగ్లండ్ చదువరుల ముందుకి తెచ్చినవాళ్ళలో ముఖ్యురాలు ఒక కవయిత్రి, ఆనా సీవర్డ్. 1742లో ఈమ్‌లోనే పుట్టింది. తండ్రి ఆ చర్చికే రెక్టర్. ఏడేళ్ళు వచ్చేదాకా ఆ ఊళ్ళోనే పెరిగి, తర్వాత లిచ్‌ఫీల్డ్ వెళ్ళిపోయింది. పెళ్ళి చేసుకోకుండా, రాతనే జీవితంగా చేసుకున్న మనిషి. ఆమె కవిత్వాన్ని 1810లో వాల్టర్ స్కాట్ సంపాదకుడిగా మూడు సంపుటాలుగా అచ్చువేశాడు. అందులో చేరిన ఆమె ఉత్తరాల్లో ఈమ్ ప్లేగు ఉదంతం, మాంపెసన్ రాసిన ఉత్తరాలు ఉన్నాయి. వాటిల్లో నాయకుడు మాంపెసనే. తన తండ్రి కూర్చున్న కుర్చీలో ఒకప్పుడు కూర్చున్న మనిషి. 

ఇందులో ఆమె తప్పేముంది? ఆమెకి దొరికినవి చర్చి కాగితాలు. ఉత్తరాలు రాసింది చదువొచ్చిన రెక్టర్. మేరీ హాడ్‌ఫీల్డ్ ఉత్తరం రాయలేదు కనక దాన్ని అచ్చువెయ్యడం ఎవరికీ కుదరదు. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఆ కథకి త్యాగం, కర్తవ్యం అనే రంగులు ఇంకా చిక్కగా పడ్డాయి. ఈమ్ కథ ప్రతి తరంలోనూ ఎలా మారుతూ వచ్చిందో ప్యాట్రిక్ వాలిస్ అనే చరిత్రకారుడు 2006లో వివరంగా రాశాడు. ఊరంతా ఒక్కమాట మీద నిలబడిందన్నది అంత సూటిగా చెప్పగలిగిన విషయం కాదు. స్తోమత ఉన్న కొన్ని కుటుంబాలు ముందే వెళ్ళిపోయాయి. రెక్టర్ గారి పిల్లలు కూడా వెళ్ళినవాళ్ళలోనే ఉన్నారు. పంపడానికి చోటూ, చుట్టాలూ, డబ్బూ లేనివాళ్ళు ఉండిపోయారు. ఉండిపోవడం తప్ప దారి లేనివాళ్ళు చేసింది త్యాగమేనా? మాంపెసన్‌ని తక్కువ చెయ్యాలని కాదు. భార్యని పోగొట్టుకుని, తానూ పోతాననుకుంటూనే పని చేశాడతను. అతని గొప్పతనం అతనికి ఉండనీ. ఆ ఒక్క గొప్పతనం కింద ఊరందరి కష్టాన్నీ సర్దెయ్యడం దగ్గరే నా పేచీ.

అతని ఉత్తరాల్లోనే నాకు కావలసినది దొరికింది. 1666 నవంబరులో, గండం గడిచాక రాసిన ఉత్తరంలో, ఇంట్లో పనిమనిషి మాత్రం ఆరోగ్యంగానే ఉందని, అది తనకెంతో మేలైందని ఒక చోట ప్రస్తావిస్తాడు. ఆమె మంచాన పడివుంటే తనకి వండి పెట్టేవాళ్ళుండేవారు కాదన్నది ఆ మాటల సారాంశం. పేరు రాయలేదు. కేథరిన్ చనిపోయిన ఇంట్లో, ఆ పక్కబట్టలు తీసిన మనిషి, ఆ పొయ్యి ఆరిపోకుండా చూసిన మనిషి, ఆ త్యాగమూర్తికి అన్నం పెట్టిన మనిషి. పేరు లేదు!

ఆ ఒక్క ప్రస్తావన పట్టుకుని జెరాల్డీన్ బ్రూక్స్ అనే ఆస్ట్రేలియన్ రచయిత్రి 2001లో 'ఇయర్ ఆఫ్ వండర్స్' అనే నవల రాసింది. ప్లేగు కథంతా ఆ పనిమనిషి నోట చెప్పించింది. ఆమెకి ఆనా అని పేరు పెట్టింది. నవల చివరి భాగంతో నాకు పేచీలున్నాయి గానీ, ఆ పని చేసినందుకు బ్రూక్స్‌కి దణ్ణం పెట్టాలనిపించింది.

పేర్లు పెట్టే ఈ పని ఆ కొండల్లో ఇంకో రచయిత్రి కూడా చేసింది. నాలుగోసారి ఈమ్‌లో దిగి, కాలిబాటలు పట్టుకుని అయిదారు మైళ్ళ దూరంలో ఉన్న హేథర్‌సేజ్‌కి నడిచాను. 1845 వేసవిలో షార్లెట్ బ్రాంటీ అక్కడి చర్చి ఇంట్లో స్నేహితురాలు ఎలెన్ నస్సీతో మూడు వారాలుంది. ఎలెన్ అన్న హెన్రీ ఆ చర్చికి గురువు. కొత్తగా పెళ్ళైన అన్నకి ఇల్లు సర్దడానికి వచ్చింది ఎలెన్. ఆరేళ్ళ క్రితం ఆ హెన్రీయే పెళ్ళి చేసుకుంటానని అడిగితే కాదన్న మనిషి షార్లెట్! తను ఇల్లాలు కాబోయి కాకపోయిన ఇంట్లో అతిథిగా కూర్చుని ఏమనుకుందో! చర్చిలో ఐర్ వంశం వాళ్ళ సమాధి ఫలకాలున్నాయి. ఇత్తడి రేకు మీద చెక్కిన వీరుడూ, పక్కన చేతులు జోడించిన భార్య జోన్. రెండేళ్ళకి, 1847లో 'జేన్ ఐర్' వచ్చింది. భూస్వాముల ఇంటిపేరు తీసి, ఆస్తీ అందమూ లేని ఒక అనాథ పంతులమ్మకి పెట్టింది. ఆ నవలలో జేన్ తిండి లేక తిరిగి తిరిగి పడిపోయిన బీడు ఈ ప్రాంతమేనంటారు. ఆ గాలిలో నడుస్తుంటే నమ్మబుద్ధేసింది.

కానీ నవలలో పెట్టిన పేరు చరిత్రలో పోయిన పేరుకి బదులవుతుందా? బస్సులో తిరిగొస్తూ ఇదే ఆలోచించాను. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు మా కాలేజీ స్టాఫ్ రూములో ఆ పుస్తకం చేతులు మారి చినిగిపోయింది. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే నమోదు చేసిన పుస్తకం. అప్పటికే ముప్ఫై అయిదేళ్ళు గడిచాయి. ఇంకో పదిహేనేళ్ళు ఆగివుంటే అడగడానికి ఎంతమంది మిగిలేవారు? బ్రూక్స్ ఊహించి రాసింది, ఎందుకంటే మూడు వందల ఏళ్ళ తర్వాత ఊహ తప్ప ఏమీ మిగల్లేదు. అడగగలిగిన కాలంలో ఉన్నవాళ్ళకి ఆ సాకు లేదు.

ఆ రాత్రి మా అక్క కూతురికి ఫోన్ చేశాను. అక్కడ అప్పటికి తెల్లవారుతోంది. అక్క ఆస్పత్రిలో ఉన్న పన్నెండు రోజులూ వార్డులో ఒక ఆయా ఉండేదని, సాయంత్రం డ్యూటీ దిగి వెళ్తూ చెట్టు దగ్గర ఆగి, "మీ అమ్మ ఇవాళ రెండు ఇడ్లీ తింది", "ఇవాళ తల దువ్వాను, నీ గురించి అడిగింది" అని చెప్పి వెళ్ళేదని, అది చెప్పకూడదన్న రూలున్నా చెప్పేదని అప్పట్లో ఇదే పిల్ల నాతో అంది. మా అక్కని చివరగా ముట్టుకున్నది ఆమె. చివరగా మాట్లాడింది ఆమెతోనే అయ్యుంటుంది.

"ఆ ఆయమ్మ పేరేంటే?" అని అడిగాను.

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత అంది, "అడగలేదు పిన్నీ. మాస్కులో ఉండేది. నేను ఆయమ్మా అనే పిలిచాను. డాక్టర్ల పేర్లయితే అన్నీ రాసుకున్నాను."

నేనూ అప్పుడు అడగలేదు. చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, నాకే తోచలేదు. ఈ రెండేళ్ళలో అక్క గురించి ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో! ప్రతిసారీ 'ఒక ఆయా' అనే చెప్పాను. మాంపెసన్ని అనడానికి నాకేం హక్కుంది?

"ఇప్పుడు వెళ్ళి అడగనా పిన్నీ? అక్కడ ఉందో లేదో, మానేసిందో..." అంది అక్క కూతురు.

వెళ్ళమన్నాను. రెండుసార్లు వెళ్ళింది. అప్పటి సిబ్బంది చాలామంది కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళట, మారిపోయారట. మూడోసారి నేనూ వస్తానని చెప్పాను.